విశ్రాంతి యెరుగని కండరము

మానవ శరీరమందలి కండరములలో పెక్కు, పనిచేసి అలసినపుడు విశ్రమించును. చేతి కండరములు నిద్రలో సడలును. కాలి కండరములు కూర్చున్నపుడు ఊరట చెందును. గుండె కండరమునకు మాత్రము అట్టి వెసులుబాటు లేదు. శిశువు తల్లి గర్భమందున్న నాలుగవ వారముననే అది కొట్టుకొన నారంభించి, ప్రాణమున్నంతవరకు ఆగక పనిచేయును. పెద్దవారి గుండె పిడికిలి యంత యుండును. దాని బరువు సుమారు 300 గ్రాములు. అది నిమిషమునకు సుమారు 70 పర్యాయముల చొప్పున దినమునకు లక్ష పర్యాయములు ముడుచుకొని విచ్చుకొనును. ప్రతి నిమిషము సుమారు 5 లీటర్ల రక్తమును శరీరమంతటికి పంపును.

ఇట్టి గుండెను కొంతసేపు ఆపి, బాగుచేసి, తిరిగి నడిపింపగల నేర్పు ఇరువదవ శతాబ్దమున మనుష్యునకు లభించినది. ఆ నేర్పుతోపాటు ఒక చిక్కు ప్రశ్నయు వచ్చి పడినది. ఆగిన గుండె యందలి కండర కణములు చెడిపోకుండ కాపాడుట యెట్లు?

చర్మమునకు గాయమైనచో క్రొత్త కణములు పుట్టి దానిని పూడ్చును. గుండె కండర కణములకు ఆ శక్తి మిక్కిలి స్వల్పము. యౌవనమున సైతము సంవత్సరమునకు నూటికి ఒక కణము మాత్రమే క్రొత్తదగుననియు, వార్ధక్యమున ఆ ఒకటియు సగమగుననియు స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిరి. చనిపోయిన కణములున్న చోట ముడుచుకొనజాలని మచ్చ మాత్రమే మిగులును. అందుచేతనే గుండె శస్త్రచికిత్సలో ఒక్కొక్క నిమిషమునకు అంత విలువ కలిగినది.

గుండె గదులు నిరంతరము రక్తముతో నిండియుండును. అయినను ఆ రక్తము గుండె గోడల ఆకలిని తీర్పజాలదు. చెరువు గట్టు ప్రక్కనున్న చేనికైనను కాలువ త్రవ్విననే కదా నీరందును! అట్లే గుండె గోడకును వేరుగా రక్తనాళములు కావలెను. గుండెనుండి బయలుదేరు బృహద్ధమని మొదటిభాగముననే రెండు ధమనులు పుట్టి, గుండెను కిరీటము వలె చుట్టి, శాఖోపశాఖలై గోడలలోనికి చొచ్చుకొనిపోవును. వీనికి కరోనరీ ధమనులని పేరు. లాటిను భాషలో ఆ పేరునకు కిరీటమునకు సంబంధించినదని అర్థము.

శరీరమందలి అవయవములలో పెక్కు, తమకు అందిన రక్తమునుండి ప్రాణవాయువులో కొంత భాగమునే గ్రహించి తక్కినది విడిచిపెట్టును. గుండె కండరమో, మనుష్యుడు ఊరక కూర్చున్నపుడు సైతము ఆ ప్రాణవాయువులో నూటికి సుమారు డెబ్బది పాళ్ళు గ్రహించును. కావున గుండెకు పని పెరిగినచో కరోనరీ ధమనులలో రక్తప్రవాహమే పెరుగవలెను. ఆ ప్రవాహము తగ్గినచో కణములు వెంటనే కష్టమునకు లోనగును.

ప్రాణవాయువుతో కణమునకు ఇంత అవసరమేల? కణము చేయు ప్రతి పనికిని శక్తి కావలెను. ఆ శక్తి ఎ.టి.పి. అను పదార్థము రూపమున లభించును. ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు అనునది దాని పూర్తి పేరు. దానిని కనుగొన్నవారిలో ఆంధ్రుడైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో భీమవరమున జన్మించిన ఆయన, అమెరికాలోని హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలసి పరిశోధించుచు, 1927లో ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో ఎ.టి.పి.ని కండరమునందు కనుగొనెను. ఆ 1929లోనే జర్మనీ దేశమున కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును వేరుగా ఎ.టి.పి.ని కనుగొనెను.

ఎ.టి.పి. చేతిలోని రొక్కము వంటిది. ఫాస్ఫోక్రియాటిను ఆ రొక్కమును తక్షణమే భర్తీచేయు చిన్న నిల్వ వంటిది. కొట్టుకొను గుండెలో ఈ రొక్కము కొన్ని సెకండ్లకు మాత్రమే చాలును. కణములోని మైటోకాండ్రియా అను సూక్ష్మాంగములు ప్రాణవాయువు సహాయముతో క్షణక్షణము క్రొత్త ఎ.టి.పి.ని తయారుచేయుచుండుట చేతనే గుండె నడచుచున్నది. గుండె కణపు పరిమాణములో సుమారు మూడవ వంతును ఈ సూక్ష్మాంగములే ఆక్రమించియుండును.

వయస్సు, పొగాకు, మధుమేహము, రక్తపుపోటు మున్నగు కారణములచేత కొందరి కరోనరీ ధమనుల లోపలి గోడపై క్రొవ్వు పేరుకొని దారి ఇరుకగును. కాలువలో పూడిక పడినపుడు రైతు దాని ఎగువనుండి దిగువకు ప్రక్కగా పిల్లకాలువ త్రవ్వి నీరు పారించును. బైపాస్ శస్త్రచికిత్స యందలి ఉపాయమును అట్టిదే. రోగి కాలినుండి తీసిన సిరనుగాని, ఎదురురొమ్ము లోపలనున్న ధమనినిగాని తెచ్చి, అడ్డంకికి దిగువ భాగమున కరోనరీ ధమనికి అతుకుదురు. 1964లో లెనిన్‌గ్రాడు నగరమున కొలెసోవ్ అను వైద్యుడు రొమ్ము ధమనిని ఈ విధముగా అతికెను. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున అర్జెంటీనా దేశీయుడైన రెనె ఫావలోరో కాలి సిరతో ఈ చికిత్స చేసి, దానికి ప్రచారము కల్పించెను. భారతదేశమున ఈ చికిత్సను మొదట 1975లో మద్రాసు నగరమందలి పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో కె. యం. చెరియన్ చేసెను.

అతుకవలసిన చోట ధమని వెడల్పు తరచుగా రెండు మిల్లీమీటర్లకు మించదు. దారము వెండ్రుకంత సన్నము. అట్టి కుట్టు వేయుచుండగా గుండె క్షణక్షణము ఎగిరిపడుచుండినచో చేయి తప్పుట సులభము. గుండెను ఆపినచో శరీరము జీవింపదు. ఈ చిక్కునకు మార్గము చూపినది హృదయ శ్వాసకోశ యంత్రము. అమెరికా వైద్యుడైన జాన్ గిబ్బన్, తన భార్య మేరీ సహాయముతో సుమారు ఇరువది సంవత్సరములు శ్రమించి ఈ యంత్రమును నిర్మించెను. 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున, గుండె పై గదుల నడుమ రంధ్రముతో పుట్టిన 18 సంవత్సరముల యువతికి దాని సహాయముతో శస్త్రచికిత్స చేసెను. 26 నిమిషములపాటు ఆమె గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని ఆ యంత్రమే నిర్వహించినది. ఆమె కోలుకొనెను.

ఈ యంత్రము మెదడునకు, మూత్రపిండములకు, కాలేయమునకు రక్తమును అందించును. అయితే కుట్టువేయు చోట రక్తము లేకుండుటకై వైద్యులు బృహద్ధమనిని ఒక పట్టుకారుతో బిగింతురు. కరోనరీ ధమనులు ఆ బిగింపునకు గుండె వైపుననే పుట్టుచున్నవి. కావున యంత్రము పంపు రక్తము శరీరమంతటికి అందినను గుండె గోడకు అందదు. ఊరంతటికి నీరు పారుచుండగా కాలువ మొదటనున్న మడి మాత్రము ఎండినట్లగును.

అట్లు రక్తము అందని గుండె కణమున ఏమి జరుగును? కొద్ది సెకండ్లలోనే ప్రాణవాయువు తరిగిపోవును. మొదటి నిమిషములలోనే ఫాస్ఫోక్రియాటిను నిల్వ అడుగంటును. కణము ప్రాణవాయువుతో పనిలేని వేరొక పద్ధతిలో చక్కెరను విడగొట్టుకొని కొంత శక్తిని సంపాదించుకొనును. కాని ఆ పద్ధతిలో లభించునది స్వల్పము. పైగా ఆమ్లము పేరుకొనును. కణపు పొరలో సోడియమును బయటకు తోడివేయు సూక్ష్మమైన పంపులు కలవు. శక్తి లేక అవి మందగించును. సోడియము లోపలనే నిలిచి, దాని వెంట నీరు చేరి, కణము ఉబ్బును. కాల్షియమును లోపల పెరుగును. ఈ స్థితిలో రక్తము తిరిగి అందినచో కణము బ్రదుకగలదు. సాధారణ శరీరోష్ణములో సుమారు ఇరువది నిమిషములు దాటినచో కొన్ని కణములు మరల కోలుకొనలేని దశకు చేరును. గుండె గోడ లోపలి పొర ముందుగా చెడును. అచ్చటినుండి చేటు పైపొరకు అలవలె వ్యాపించును. మూడు నాలుగు అతుకులు వేయుటకు ఇరువది నిమిషములు చాలవు.

మొదట వైద్యులు చలువను ఆశ్రయించిరి. కెనడా దేశమందలి టొరాంటో నగరమున విల్‌ఫ్రెడ్ బిగెలో కుక్కలపై పరిశోధనలు చేసి, శరీరమును చల్లబరచినచో దానికి కావలసిన ప్రాణవాయువు తగ్గునని 1950లో చూపెను. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గినపుడు కణముల అవసరము సుమారు సగమునకు దిగును. అయితే చలువ ఒక్కటే చాలలేదు. ఎట్లనగా, పట్టుకారు బిగించిన పిమ్మటను గుండె వెంటనే ఊరకుండదు. ఆహారము లేకున్నను కొట్టుకొనుచు, వణకుచు, ఉన్న నిల్వ యంతయు ఖర్చుచేసి, చివరకు ఆకలితో కూలబడును. ఆ విధమైన ఆగుట విశ్రాంతి కాదు.

దీని ఫలము ఎంత ఘోరమో 1972లో హ్యూస్టన్ నగర వైద్యుడు డెంటన్ కూలీయు ఆయన సహచరులును వెల్లడించిరి. కొందరు రోగులలో శస్త్రచికిత్స చక్కగా ముగిసినను గుండె తిరిగి కొట్టుకొనలేదు. అది గట్టిగా బిగుసుకొని యుండెను. దానికి వారు రాతి గుండె యని పేరు పెట్టిరి. కండరము ముడుచుకొనుటకే కాదు, సడలుటకును ఎ.టి.పి. కావలెను. కండరపు పోగులు ఒకదాని నొకటి కొక్కెములవలె పట్టుకొనును. ఆ పట్టు విడుచుటకు శక్తి చెల్లింపవలెను. శక్తి బొత్తిగా లేనపుడు పట్టు విడువక కండరము బిగిసిపోవును. మరణించిన దేహము బిగుసుకొనుటకును ఇదియే కారణము.

కావున గుండె ఆకలితో ఆగకముందే, నిల్వ ఉండగానే, దానిని సడలిన స్థితిలో ఆపవలెను. దీనికి మూలమైన జ్ఞానము చాల పూర్వమే లభించియుండెను. 1880 ప్రాంతములలో లండనునందు సిడ్నీ రింగర్ కప్ప గుండెలపై పరిశోధించి, గుండె కొట్టుకొనుటకు సోడియము, పొటాసియము, కాల్షియము తగిన పాళ్ళలో నుండవలెననియు, పొటాసియము మితిమీరినచో గుండె సడలి ఆగుననియు చూపెను. సాధారణముగా పొటాసియము కణము లోపల ఎక్కువగాను, వెలుపల తక్కువగాను ఉండును. ఈ తేడా వలన కణపు పొరకు విద్యుచ్ఛక్తి కలుగును. వెలుపల పొటాసియమును పెంచినచో ఆ తేడా తగ్గి, ప్రతి కొట్టుకొనుటకు ముందు పుట్టవలసిన విద్యుత్ప్రేరణ పుట్టదు. గుండె సడలి నిలుచును.

1955లో లండను వైద్యుడు డెనిస్ మెల్‌రోజ్ ఈ సూత్రమును శస్త్రచికిత్సకు ఉపయోగించెను. సూత్రము సరియైనదే, కాని ఆయన వాడిన పొటాసియము పాలు మితిమీరినది. దానివలన కండరమునకే హాని కలుగుచున్నదని తేలి, వైద్యులు ఆ పద్ధతిని విడిచిపెట్టిరి. మందునకును విషమునకును తేడా కొలతలోనే కలదు. 1973లో అమెరికాలో గే, ఎబర్ట్ అను వైద్యులు తక్కువ పాళ్ళతోనే గుండెను క్షేమముగా ఆపవచ్చునని చూపిరి. ఇంగ్లండునందు సెయింట్ థామస్ ఆసుపత్రిలో డేవిడ్ హెర్స్, బ్రెయింబ్రిడ్జ్ అనువారు పొటాసియము, మెగ్నీషియము, కాల్షియము మున్నగువానిని జాగ్రత్తగా తూచి కలిపిన చల్లని ద్రావణమును 1970వ దశకము నడుమ వాడుకలోనికి తెచ్చిరి. అమెరికాలో బక్‌బర్గ్ బృందము అట్టి ద్రావణమును రక్తముతో కలిపి పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను.

ఈ విశ్రాంతి విలువ అంకెలలో స్పష్టమగును. కొట్టుకొను గుండె కండరము 100 గ్రాములకు నిమిషమునకు సుమారు 8 మొదలు 10 మిల్లీలీటర్ల ప్రాణవాయువు కావలెను. పొటాసియముతో సడలి ఆగిన గుండెకు, వెచ్చదనము తగ్గకున్నను, సుమారు ఒక మిల్లీలీటరు చాలును. దానిని 20 డిగ్రీల దాపునకు చల్లార్చినచో ఒక మిల్లీలీటరులో మూడవ వంతుతో సరిపెట్టుకొనును. కొద్ది నిమిషముల గడువు ఈ విధముగా గంటకు మించి పెరిగినది.

అయినను ఇందొక చిక్కు కలదు. ద్రావణము గుండెలోనికి పోవలసినది కరోనరీ ధమనుల ద్వారానే. అవియే మూసుకొనియున్న కారణముచేత, ఎక్కువ అపాయములోనున్న కణములకే అది తక్కువగా అందును. అందుచేత వైద్యులు కొన్ని సందర్భములలో గుండె వెనుకనున్న పెద్దసిర ద్వారా ద్రావణమును వెనుక దారిని పంపుదురు. అతికిన ప్రతి క్రొత్త నాళము ద్వారాను పంపుదురు. పెక్కు పద్ధతులలో పదునైదు ఇరువది నిమిషముల కొకసారి తిరిగి పంపుచుందురు.

కుట్లు ముగిసి పట్టుకారు విప్పినంతనే అపాయము తొలగినట్లు కాదు. 1973లో డేవిడ్ హెర్స్, పెన్సిలిన్ పరిశోధనకు నోబెల్ బహుమానము పొందిన ఎర్నెస్ట్ చెయిన్ మొదలగువారు ఎలుక గుండెలపై ఒక వింతను గమనించిరి. ప్రాణవాయువు లేక చాలసేపున్న గుండెకు దానిని ఒక్కుమ్మడిగా ఇచ్చినపుడు, కణములనుండి ఎంజైములు హఠాత్తుగా బయటకు పొర్లినవి. అనగా కణపు పొరలు చినిగినవి. ఆకలిగొన్న కణమునకు ఆహారమే హానిచేసినది. ప్రాణవాయువు తిరిగి వచ్చినపుడు అందులో కొంతభాగము తీవ్రస్వభావముగల కణికలుగా మారి పొరలను కాల్చును. కాల్షియము వెల్లువవలె లోపలికి వచ్చి, కండరపు పోగులను అతిగా బిగించును. మైటోకాండ్రియా పొరలలో రంధ్రములు తెరచుకొని, శక్తిని తయారుచేయు స్థానములే పాడగును. నెఱలు విచ్చిన చేనిమీదికి తూము ఒక్కసారిగా ఎత్తినచో మట్టి కోసికొనిపోవును గదా! అందుచేత పలువురు వైద్యులు మొదట తక్కువ ఒత్తిడితో రక్తమును పంపి, గుండె కొంతసేపు ఖాళీగా కొట్టుకొని తేరుకొనునట్లు చేసి, పిమ్మట క్రమముగా భారమును దానిపై మోపుదురు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కొంత నష్టము తప్పదు. ఆ నష్టము రెండు విధములు. కొన్ని కణములు బ్రదికియు, కొన్ని గంటలో, కొన్ని దినములో నీరసముగా పనిచేసి, తరువాత కోలుకొనును. 1982లో బ్రాన్‌వాల్డ్, క్లోనర్ అను శాస్త్రజ్ఞులు ఈ స్థితిని మూర్ఛిల్లిన కండరమని వర్ణించిరి. మరికొన్ని కణములు నిజముగా చనిపోవును. ఈ రెండింటిని వేరుచేసి తెలిసికొనుట ముఖ్యము. మూర్ఛిల్లిన కండరమునకు కాలము, విశ్రాంతి, మందుల ఆసరా ఇచ్చినచో అది లేచి నిలుచును.

కణములకు కలిగిన హానిని రక్తపరీక్ష తెలుపును. ట్రోపోనిన్ అను మాంసకృత్తు గుండె కణము లోపల నుండును. కణము దెబ్బతిన్నపుడు అది రక్తములోనికి వచ్చును. బైపాస్ చికిత్స పొందినవారిలో ఇది కొంత పెరుగుట సాధారణమే. కావున 2018లో ప్రకటించిన అంతర్జాతీయ నిర్వచనము ప్రకారము, చికిత్స తరువాత 48 గంటలలోగా అది సాధారణ పరిమితికి పదిరెట్లు మించి, విద్యుల్లేఖ మున్నగు పరీక్షలలోను గుర్తులు కనిపించిననే గుండెపోటు కలిగినదని నిర్ణయింతురు.

మరికొందరు వైద్యులు వేరొక త్రోవ పట్టిరి. గుండెను ఆపక, కుట్టువేయు చోటును మాత్రము ఒక పరికరముతో కదలకుండ పట్టి ఉంచి చికిత్స చేయుదురు. భారతదేశమున ఈ పద్ధతి మిక్కిలి ప్రచారములో నున్నది. అయితే ఇందును ఆ ఒక్క ధమనిలో కొన్ని నిమిషములు ప్రవాహమును నిలుపవలసి వచ్చును. కొలెసోవ్ 1964లో చేసిన చికిత్సయు కొట్టుకొను గుండెపై చేసినదే.

గుండె కణము తన్ను తాను కాపాడుకొను శక్తిని కూడ శాస్త్రజ్ఞులు వెదకిరి. 1986లో మర్రీ, జెన్నింగ్స్, రీమర్ అనువారు కుక్క గుండెలో ధమనిని ఐదేసి నిమిషముల చొప్పున నాలుగుసార్లు మూసి తెరచి, ఆపైన నలువది నిమిషములు మూసియుంచిరి. ముందుగా అట్లు చేయని గుండెలతో పోల్చగా, వీనిలో చనిపోయిన కండరము నాలుగవ వంతు మాత్రమే యుండెను. చిన్న కష్టమునకు అలవడిన కణము పెద్ద కష్టమును ఓర్చినది. చేతికి పట్టీ బిగించి సడలించుట చేత గుండెకు ఇట్టి రక్షణ కలుగునేమో యని బ్రిటనునందు 1,600 మందికి పైగా, జర్మనీలో సుమారు 1,400 మంది రోగులపై పరీక్షించిరి. 2015లో ప్రకటించిన ఫలితములు ఆశను నెరవేర్చలేదు; రోగులకు మేలు కనబడలేదు. ఆ ఫలితములను దాచక ప్రకటించుటయు శాస్త్రధర్మమే. వ్యర్థమైన త్రోవ యేదో తెలిసిననే కదా సరియైన త్రోవను వెదకుటకు వీలగును!

శస్త్రచికిత్స జరుగు గదిలో, పట్టుకారు బిగించిన క్షణమునుండి ఒకరు నిమిషములను లెక్కించి పైకి చెప్పుచుందురు. కుట్టు వేయువాని చేయి తొందరపడరాదు, ఆలస్యమును చేయరాదు. తుదకు పట్టుకారును విప్పుదురు. వెచ్చని రక్తము పొటాసియమును కడిగివేయును. నిశ్చలమైన కండరము మొదట సన్నగా కదలును. పిమ్మట క్రమముగా కొట్టుకొన నారంభించును. ఒక గంట విశ్రాంతి తరువాత, ఆ గుండె తిరిగి తన పనిలో ప్రవేశించును.